బొప్పాయి మీద నేర్చిన చేయి

అమీర్‌పేట మెట్రో కింద తోపుడు బండి దగ్గర బొప్పాయిలు బేరం చేయడం కూడా నా చదువులో భాగమేనని ముందే ఎవరైనా చెప్పి ఉంటే, నాన్న మాట విని బ్యాంకు పరీక్షలు రాసుకునేవాణ్ణి. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో స్త్రీల వైద్యంలో పీజీ చేస్తున్నాను. మా బ్యాచ్‌లో మగవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక మధ్యాహ్నం మా ప్రొఫెసర్ మేడమ్ ఓపీ ముగించి లేస్తూ, "రేపు వచ్చేటప్పుడు బొప్పాయిలు పట్టుకురా" అన్నారు. మేడమ్ ఏదైనా చెబితే ఎందుకని అడిగే ఆచారం మా దగ్గర లేదు. ఎవరికో వీడ్కోలు పార్టీ ఉందేమో అనుకున్నాను.

మాది గోదావరి జిల్లా నుంచి వచ్చి అమీర్‌పేటలో స్థిరపడిన ఇల్లు. పండు కొనడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను. తొడిమ దగ్గర వాసన చూడాలి, బొటనవేలితో మెల్లగా నొక్కాలి, పసుపు తిరిగినదే తీసుకోవాలి. అలా ఏరి ఏరి తెచ్చిన పండ్లను మేడమ్ నొక్కి చూసి, "తినేటందుకు తెచ్చినవా, నేర్చుకునేటందుకు తెచ్చినవా?" అని అడిగారు. అప్పుడు గానీ సంగతి తెలియలేదు.

గర్భం వద్దనుకుని వచ్చిన స్త్రీకి మొదటి నెలల్లో అయితే ఒక సన్నని గొట్టం, చేత్తో లాగే ఒక పెద్ద సిరంజి, ఈ రెండింటితో గర్భసంచిని ఖాళీ చేసే పద్ధతి ఉంది. మనిషి మీద చేసే ముందు ఆ పనిని బొప్పాయి మీద చేసి చేతికి అలవాటు చేయాలి. ఆకారం కాస్త అలాగే ఉంటుంది. తొడిమ వైపు సన్నని మెడ, లోపల గది, గదిలో గింజలు. గొట్టం మెడలోంచి పోయి గింజల్ని మాత్రమే తీసుకురావాలి, గోడకు దెబ్బ తగలకూడదు. నేను తెచ్చిన మొదటి పండులో గొట్టం ఇటు దూర్చితే అటు బయటికొచ్చింది. గుజ్జంతా నా చేతుల మీదుగా కారింది. నర్సులు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. "అమ్మాయి చచ్చిపోయింది. దోరవి తీసుకరా పో" అన్నారు.

దోర బొప్పాయిలు కొనడం అంత సులువు కాదు. తోపుడు బండి అమ్మ నా ముఖం చూసింది, నా బ్యాగు చూసింది, అమీర్‌పేట హాస్టళ్ల వైపు ఒకసారి చూసింది.

"గన్ని పచ్చికాయలు ఏం జేస్తవ్?"

నేను వినబడనట్టు ఇంకో కాయ ఎత్తి బరువు చూశాను.

"హాస్టల్ పోరగాండ్లు గిట్లనే వస్తరు. జేసేది జేసి, పిల్లకు పచ్చి బొప్పాయి తినిపియ్యాల్నని చూస్తరు. నేనియ్య. పో."

పక్కన కమలాలు ఏరుకుంటున్న ఇద్దరు నన్ను ఎగాదిగా చూశారు. డాక్టర్ని అని చెప్పాలనిపించింది. డాక్టర్‌వైతే ఎందుకని అడిగితే? ఆమె అనుమానిస్తున్న ఆ పనే సరిగ్గా చేయడం నేర్చుకోవడానికమ్మా అని చెప్పాలా? ఆలోచించి ఆలోచించి, "కూరకి" అన్నాను. "మా అమ్మ బొప్పాయి కూర చేస్తుంది, పచ్చి కొబ్బరి వేసి" అని కూడా కలిపాను. మా అమ్మ జన్మలో ఆ కూర చేయలేదు. ఆమె మెత్తబడి, "కూరకైతే జర ముదురుది తీస్కో" అని తనే ఏరి ఇచ్చింది.

ఇంటికి తెచ్చాక మరో గొడవ. మా వదిన కడుపుతో ఉంది. సంచీ ఫ్రిజ్ దగ్గర పెట్టానో లేదో అమ్మ చూడనే చూసింది.

"ఏంట్రా ఇవి? మీ వదిన ఇంట్లో ఉందన్న జ్ఞానం ఉందా నీకు? నువ్వేం డాక్టరువిరా?"

ప్రాక్టికల్స్‌కి అన్నాను. ప్రాక్టికల్స్ చెప్పుల స్టాండు దగ్గర పెట్టుకో అంది. పండిన బొప్పాయి తింటే ఏమీ కాదని మేం పుస్తకాల్లో చదువుకున్నాం, ఓపీలో రోజూ చెబుతాం కూడా. అమ్మ వంటింట్లోకి వెళ్లాక వదిన మెల్లగా వచ్చి, "నిజంగా ఏమీ కాదా?" అని అడిగింది. "పండినదైతే ఏమీ కాదు వదినా" అన్నాను. "అయితే ఒకటి పండాక నాకొక ముక్క పెట్టవా? తినాలనుంది" అంది. "వద్దులే వదినా" అన్న మాట నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. వదిన పకపకా నవ్వింది. చదివింది ఎక్కడికి పోయిందో, అమ్మ పాలతో వచ్చిన భయం ఎక్కడి నుంచి లేచిందో నాకు అర్థం కాలేదు.

ఆసుపత్రిలో మా ప్రొసీజర్ గదికి వెళ్లాలంటే గర్భిణుల ఓపీ హాలు దాటాల్సిందే, వేరే దారి లేదు. బల్లల నిండా నిండు కడుపులు, పక్కన అత్తలు, అమ్మలు, అమ్మమ్మలు. మర్నాడు ఉన్న తెలివంతా వదిలేసి సంచీ చేత్తో ఊపుకుంటూ ఆ హాల్లోంచే నడిచాను. ఒక పెద్దావిడ లేచి నిలబడింది. "ఓ డాక్టర్ సాబ్, గిది ఈడికి తెస్తరా? అకల్ ఉన్నదా?" అంది. అందరూ తమ కోడళ్లను గోడవైపు తిప్పుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడు తెచ్చినా సంచీ మీద తెల్ల కోటు కప్పి దొంగలా వెళ్లాను.

బొప్పాయి మీద నా చేయి బాగానే కుదిరింది. గోడ గీసుకోకుండా గింజలన్నీ వచ్చేవి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి నా స్థానం తలవైపు. మా దగ్గర పద్ధతి ప్రకారం ముందు చూడాలి, తర్వాత చేతిసాయం చేయాలి, ఆ తర్వాత మేడమ్ పక్కన ఉండగా సొంతంగా చేయాలి. తలవైపు నిలబడినవాడి పని ఆమె చేయి పట్టుకుని ఏదో ఒకటి మాట్లాడటం. మత్తు సూది ఇచ్చినా కొంత నొప్పి ఉంటుంది, మాట దాన్ని కాస్త మరిపిస్తుంది. ఏ వూరు, బస్సులో వచ్చావా మెట్రోలో వచ్చావా, ఎండ ఎలా ఉంది, ఇలాంటివే. నాతోటి అమ్మాయిలందరూ ఒక్కొక్కరే కాళ్లవైపుకి జరిగారు. నేను మాత్రం తలవైపే ఉండిపోయాను. ప్రతి ఒక్కరినీ ముందే అడగాలి. "నేను మగ డాక్టర్ని, మీకు అభ్యంతరమైతే మేడమ్ చేస్తారు" అంటే, అందరూ మేడమ్ వైపే చూసేవారు. వాళ్లను తప్పు పట్టలేను. కాన్పుల్లో నొప్పి ముంచుకొచ్చి ఎవరైతేనేం అనేస్తారు. ఇక్కడ ఆలోచించుకోవడానికి టైం ఉంటుంది. ఆలోచిస్తే నేను వద్దనే అనిపిస్తుంది.

నా భయం వేరే. ఇంకొన్నాళ్లలో చదువు అయిపోతుంది, ఏదో ఒక ఊరి సర్కారు ఆసుపత్రికి పోవాలి. అక్కడ నా వెనక మేడమ్ నిలబడరు. రాని పనిని వచ్చని చెప్పి ఒక మనిషి మీద చేయి వేయలేను. రాదని పంపిస్తే ఆమె ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఎవరిచ్చారో తెలియని మాత్రలు మింగి, ఎవరితోనో ఏదో చేయించుకుని, చలిజ్వరంతో క్యాజువాలిటీకి వచ్చినవాళ్లను చూశాను. ఒకామెను ఐసీయూ నుంచి బయటికి తీసుకురాలేకపోయాం. ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నవాడిలా ఉంది నా పరిస్థితి.

నిజం చెప్పాలంటే, నాకు ఈ పని చేయాలని ఉందో, చేయాల్సి వస్తుందని భయంగా ఉందో కూడా తెలిసేది కాదు. పొద్దున ఓపీకి పిల్లల కోసం తిరిగే జంటలు వస్తారు. పంజాగుట్ట చౌరస్తాలో ఏ వైపు తల తిప్పినా సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులే, బోర్డుల మీద బోసినవ్వుల పాపలే. ఆ కేంద్రాలన్నీ తిరిగి అలసిపోయి మా దగ్గరికి వచ్చి ఏడుస్తారు. వాళ్లకు ధైర్యం చెప్పి, చేతులు కడుక్కుని, మధ్యాహ్నం ఈ గదిలోకి వచ్చేవాణ్ణి. ఇంట్లో వదిన కడుపు మీద చేయి పెట్టుకుని, బిడ్డ తన్నిందంటే పరుగెత్తుకెళ్లి నవ్వేవాణ్ణి. అమ్మ ఒకసారి అడిగింది, "ఆ పనులు కూడా చేయాలా నువ్వు? ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లని పెట్టుకుని?" అని. చట్టం ఉందమ్మా అన్నాను. "చట్టం సంగతి నేనడగలేదు" అంది.

ఒకరోజు టీ తాగుతూ మేడమ్‌ని అడిగేశాను. వాళ్లు ఎందుకు వద్దనుకుంటున్నారో తెలిస్తే నాకు కాస్త తేలికగా ఉంటుందేమో మేడమ్ అని.

మేడమ్ టీ కప్పు కింద పెట్టారు. "కాగితం మీద రాయవలసినంత రాస్తం. మిగిలింది ఆమెది. నీకు తేలిక కావాల్నని ఆమె నీకు కథ జెప్పాల్నా?" అన్నారు. కప్పు మళ్లీ చేతిలోకి తీసుకుని, "మంత్రసాని పనికి ఒప్పుకున్నంక ఏదొస్తే అది పట్టాలె బాబూ. నీకు నచ్చిందే వస్తదా?" అని నవ్వారు. ఆవిడకు అన్నీ తేలిపోయినట్టు అనిపించింది. నాకెప్పుడు తేలుతుందో అని చిరాకు కూడా వేసింది.

ఆ వారంలోనే వచ్చిందామె. ఎర్రమంజిల్ దగ్గర ఒక ఆఫీసు క్యాంటీన్‌లో వంట పని. నా వయసే ఉంటుంది. ఒక్కతే వచ్చింది. చీర కొంగు నడుముకు దోపుకుని, పనికి వచ్చినట్టే వచ్చి కూర్చుంది. వేసుకున్న కాపర్ టీ పనిచేయలేదు. అదే కాగితం మీద ఉంది. అంతకుమించి నాకు ఈ రోజుకీ తెలియదు. మేడమ్ అంతా వివరించి సంతకం తీసుకున్నాక, నా వైపు చూశారు. నేను నా పాఠం అప్పజెప్పాను. "నేను మగ డాక్టర్ని. అభ్యంతరమైతే మేడమ్ చేస్తారు."

ఆమె నన్ను తేరిపార చూసింది. "మీరు తిడతరా సారు?"

"ఎందుకు తిడతాను?"

"మా బస్తీల నర్సింగ్ హోంకు పోయిన. లేడీ డాక్టరే. ఒక్క ఆడపిల్లతోని ఎట్ల సరిపెట్టుకుంటవ్, మొగన్ని తీసుకరా, అత్తను తీసుకరా అని గంటసేపు తిట్టింది. మల్ల రానన్న."

మేడమ్ కల్పించుకున్నారు. "నేను సుత తిట్టనమ్మా."

"ముందుగాల అందరు గట్లనే అంటరు మేడం" అంది ఆమె, ఏమీ అనుకోవద్దన్నట్టు నవ్వి. మేడమ్ ముఖం చూడాలి అప్పుడు! ఆమె మళ్లీ నావైపు తిరిగింది. "ఎంతమందికి జేసిన్రు?"

ఇక్కడ అబద్ధం చెప్పాలనిపించింది. మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, ఒక్క మాట సాయం చేయలేదు. ఇన్నాళ్లకు ఒక మనిషి వద్దనకుండా కూర్చుంది. నిజం చెబితే లేచి పోతుంది.

"చాలామందికి పక్కన ఉండి చూశాను, సాయం చేశాను. సొంతంగా చేయడం మీకే మొదలు. మేడమ్ నా పక్కనే ఉంటారు."

"మరి నేర్చుకునుడు దేని మీద నేర్చుకున్నరు?"

"బొప్పాయి మీద."

ఆమె మొదట కళ్లు పెద్దవి చేసింది. తర్వాత నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్లలో నీళ్లొచ్చే దాకా నవ్వింది. ఎందుకో తెలియక మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం.

"రోజు అదే తిన్న సారు" అంది కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "పచ్చిది. దవాఖానకు రాకముందు. కూరకని జెప్పి కొన్న, లేకుంటె ఇయ్యరు. తొక్క దీసి, ఉప్పేసుకోని, అన్నం మానేసి అదే తిన్న. నోరంత పొక్కింది. అది మాత్రం పోలే."

కూరకని చెప్పి కొన్నానంటే నా చెవులు వేడెక్కాయి. "నేనూ అలాగే చెప్పి కొన్నాను" అన్నాను. ఆమెకు మళ్లీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే, "మీరే జేయున్రి సారు" అంది.

ఆ గదిలో నేను మొదటిసారి కాళ్లవైపు కూర్చున్నాను. తలవైపు సిస్టర్ నిలబడి క్యాంటీన్‌లో ఈ రోజు ఏం వండారని అడుగుతోంది. టమాట పప్పు, ఆలుగడ్డ వేపుడు అని ఆమె గొంతు వినబడుతోంది. నా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, నేను మాత్రం ఎక్కడో వెనక మిగిలిపోయినట్టుంది. మత్తు ఇచ్చి, గొట్టం వేసి, సిరంజి లాగుతుంటే ఆమె ఒకసారి "అమ్మా" అంది. బొప్పాయి ఎప్పుడూ అమ్మా అనలేదు. ఆగిపోయాను. మేడమ్ నా భుజం దగ్గర వంగి, "ఆగకు. ఆమెతోని మాట్లాడు, చెయ్యి మాత్రం ఆపకు" అన్నారు. "అయిపోవచ్చింది, ఇంకొంచెం ఓర్చుకోండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "కానియ్యి సారు" అంది ఆమె పళ్ల బిగువున.

గొట్టం మీదుగా లోపలి గోడ గరుకు వేళ్లకు తెలిసింది, ఖాళీ అయిందనడానికి అదే గుర్తు. కాయలో ఆ గరుకు ఉండదు. ఎప్పుడు ఆపాలో కాయ నేర్పదు. "తెలిసిందా?" అన్నారు మేడమ్. తెలిసిందన్నాను. "గంతే. ఇంక తియ్యి." వచ్చినదంతా పూర్తిగా వచ్చిందో లేదో నీళ్ల గిన్నెలో వేసి వెలుతురులో చూడాలి. చూశాను. పూర్తయింది. మేడమ్ కూడా చూసి తల ఊపారు.

అప్పుడు నాకు ఏమనిపించిందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పని వచ్చిందన్న సంతోషం ఉంది, అది అబద్ధం కాదు. గుండెలో ఏదో బరువుగా కూడా ఉంది, అదీ అబద్ధం కాదు. వాటితోపాటు విపరీతంగా ఆకలి వేసింది. ఆకలి వేసినందుకు సిగ్గేసింది. వదినను తలచుకోకూడదనుకుంటూనే తలచుకున్నాను.

కాస్త విశ్రాంతి తీసుకున్నాక ఆమె లేచి కూర్చుని బిస్కట్లు టీలో ముంచుకుని తింది. మందులు, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పడానికి వెళ్లాను. అన్నీ విని, "ఇంటికి పోయేటప్పుడు ఒక బొప్పాయి కొనాలె సారు" అంది.

నేను తెల్లబోయాను. ఆమె నా ముఖం చూసి చేయి ఊపింది. "నాకు గాదు. నా బిడ్డకు. నాలుగేండ్లది. అదంటే పానం దానికి. నేను తినేటప్పుడు పక్కన గూసోని నాకో, నాకో అని ఏడ్చేది. పండినంక ఇస్త అన్న. ఒక్కటి సుత పండనియ్యలే."

డ్యూటీ రూమ్ కిటికీలో నేను వాడకుండా మిగిలిన కాయ ఒకటి ఉంది. చాలా రోజులుగా అక్కడే పడి ఉండి పండిపోయింది, గదంతా వాసన. అది ఇవ్వాలని ఉంది. ఇవ్వడం పద్ధతేనా? ఈ గదిలోంచి వెళ్లే మనిషి చేతికి డాక్టరు బొప్పాయి పండు ఇవ్వడమేమిటి? ఇది దయో, వెటకారమో ఆమెకు ఎలా తెలుస్తుంది? మేడమ్‌ని అడుగుదామంటే ఓపీలో ఉన్నారు. అటు నడిచి, ఇటు నడిచి, చివరికి పేపర్లో చుట్టి తెచ్చి ఇచ్చాను. "దీన్ని ఏమీ చేయలేదు" అని ఒక పిచ్చి మాట కూడా అన్నాను. ఆమె తొడిమ దగ్గర వాసన చూసింది, బొటనవేలితో నొక్కింది. "మంచిగ పండింది" అంది.

పేపరు చిన్నది, పండు పెద్దది. సగం బయటికి కనబడుతూనే ఉంది. హాలు దాటేదాకా తోడు వెళ్లాను. నా తెల్ల కోటు ఇచ్చి కప్పుకోమందామా అనుకునేలోపే ఆమె హాల్లోకి నడిచింది, పండును రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని. బల్ల చివర కూర్చున్న ఒక అవ్వ ఆమె కొంగు పట్టుకుని ఆపింది. హాల్లో ఆ పక్కన కూర్చున్నవాళ్లంతా చూశారు.

"అది తినకు బిడ్డా, నీకు మంచిది గాదు" అంది అవ్వ. ఆమెను కూడా అందరిలాగే కడుపుతో ఉన్న మనిషి అనుకుంది. "జర పైలం. దేవుని దయ ఉంటె పండసొంటి బిడ్డ పుడతది."

ఆమె కొంగు విడిపించుకోలేదు. ఒక్క క్షణం పండువైపు చూసి, అవ్వ చేతి మీద తన చేయి వేసింది.

"ఉన్నది అవ్వా, ఇంటికాడ" అంది. "గిది దానికే."